చేతిలో ఉద్యోగముంటే వెనక్కి పంపిన చట్టం



బళ్ళారి కానీయండి, హోసూరు కానీయండి, బరంపురం కానీయండి, యానాం కానీయండి, డిగ్రీ చదివే పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఈమధ్య ఒక కొత్త ఉద్యోగం పేరు వినబడుతోంది. హెల్త్‌కేర్ అనలిస్ట్. ఆసుపత్రుల లెక్కలు, రోగుల రికార్డులు, ఇన్సూరెన్సు బిల్లులు కంప్యూటరులో పరిశీలించి ఎక్కడ ఖర్చు పెరుగుతోంది, ఏ జబ్బుకు ఏ వైద్యం పనిచేస్తోంది అని తేల్చి చెప్పే పని. ఆ పేరు వెనకాలే ఇంకో మాట కూడా వస్తుంది. "అమెరికాలో గ్రీన్ కార్డుకు స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి" అని. ఈ 'స్పాన్సర్' అన్న మాట ఎక్కడినుంచి వచ్చింది, అందులో యజమాని చేతిలో ఉన్నదేమిటి, మన పిల్లల చేతిలో ఉన్నదేమిటి అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

కథ 1864లో మొదలవుతుంది. అంతర్యుద్ధంలో కూలీలు కరువై అమెరికా ఒక చట్టం చేసింది. పడవ ఖర్చు యజమాని పెట్టుకుంటాడు, కూలీ అందుకు బదులుగా పన్నెండు నెలల దాకా తన జీతం తాకట్టు పెట్టవచ్చు. ఇది విన్నప్పుడు కోరంగి, కాకినాడ, గోపాలపురం రేవుల నుంచి బర్మా వెళ్ళినవారి మనుమలకు వేరే వివరణ అక్కరలేదు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, రంగూను చేరాక ఆ అప్పు తీరేదాకా మనిషి మేస్త్రీ చెప్పుచేతల్లో ఉండేవాడు. అక్కడ మనవాళ్ళకు 'కోరంగీలు' అనే పేరే పడిపోయింది.

అమెరికావాళ్ళు ఆ చట్టాన్ని 1868లోనే రద్దు చేశారు. 1885లో పూర్తిగా ఎదురు తిరిగారు. ముందే ఒప్పందం కుదుర్చుకుని, ఉద్యోగం చేతిలో పెట్టుకుని వచ్చే విదేశీయుణ్ణి రానివ్వకూడదన్నారు. చవక కూలీలను తెచ్చి స్థానికుల జీతాలు పడగొడుతున్నారన్నది కారణం. రేవులో దిగినవాణ్ణి "నీకు పని దొరికిందా?" అని అడిగితే, "దొరికింది" అన్నవాడు వెనక్కి, "లేదు, వెతుక్కుంటాను" అన్నవాడు లోపలికి! న్యూయార్కులో ఒక చర్చి ఇంగ్లండు నుంచి మతగురువును కుదుర్చుకు తెచ్చుకుంటే ఆ చర్చి మీద కూడా కేసు పెట్టారు. 1892లో సుప్రీంకోర్టు, ఈ చట్టం కూలిపనివారికే గాని మతగురువులకు కాదు అని కొట్టివేసింది. ఈనాడు సరిగ్గా తలకిందులు. ఉద్యోగం లేకపోతే తలుపు తీయరు.

ఆ తలుపు మనవాళ్ళకు అసలు తెరిచింది తక్కువ. 1917 చట్టం ఆసియాలో చాలా భాగాన్ని, మన దేశంతో సహా, నిషేధ ప్రాంతంగా ప్రకటించింది. విద్యార్థుల వంటి కొందరికి మినహాయింపు. ఆ సందులోంచే భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ చేరారు. వైద్యం చదివిన మనిషి, అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పని చేసుకుంటూ చదువుకున్నారు. తరువాత లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించారు. బోదకాలు జబ్బుకు మన తీరప్రాంతంలో ఇచ్చే డైఇథైల్ కార్బమజీన్ మాత్ర ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే. అంతటి ఆయనకు కూడా 1946 దాకా ఆ దేశ పౌరుడయ్యే అర్హత చట్టంలోనే లేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారు కారు, కనుక పౌరసత్వానికి పనికిరారు అని తీర్పు చెప్పింది. 1946 చట్టం ఆ అడ్డు తీసి, భారతీయులకు ఏడాదికి 100 మంది చొప్పున కోటా ఇచ్చింది. దేశం మొత్తానికి నూరుగురు! మన తాలూకా హైస్కూల్లో రెండు సెక్షన్ల పిల్లలు. సుబ్బారావుగారు 1948లో కన్నుమూశారు, అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే.

1952లో చట్టం మళ్ళీ మారింది. 1885 నాటి నిషేధం పోయి, దేశానికి అవసరమైన నైపుణ్యం ఉన్నవారిని యజమాని పిటిషన్ పెట్టి పిలిపించుకునే పద్ధతి వచ్చింది. ఇవాళ్టి స్పాన్సర్‌షిప్‌కు ఇదే విత్తనం.

ఇక 1965 సంవత్సరం. ఈ ఒక్క ఏడాదిలో అధ్యక్షుడు జాన్సన్ రెండు చట్టాల మీద సంతకం చేశాడు. జూలైలో మెడికేర్, అంటే వృద్ధుల వైద్యఖర్చు ప్రభుత్వం భరించే పథకం. అక్టోబరులో జాతులవారీ కోటాను ఎత్తివేసిన వలస చట్టం. ఒకటి ఆసుపత్రులను రోగులతో నింపింది, రెండోది డాక్టర్లకు తలుపు తీసింది. అప్పటి నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉండేది. వృత్తి విద్య చదివినవారు మూడో ప్రాధాన్యం కింద తమ పిటిషన్ తామే పెట్టుకోవచ్చు, యజమాని ఉండి తీరాలని లేదు. డాక్టర్లు కార్మిక శాఖ ముందుగానే కొరత ఉందని ఒప్పుకున్న జాబితాలో ఉన్నారు. ఆ జాబితాను షెడ్యూల్ ఏ అంటారు. అందుకే ఆ రోజుల్లో గుంటూరు, విశాఖపట్నం, కర్నూలు వైద్య కళాశాలల్లో చదివినవారు గ్రీన్ కార్డుతోనే విమానం దిగగలిగారు. "మా మామయ్య 1971లో వెళ్ళాడు, అంత కష్టమేమీ కాలేదే" అని పెద్దలంటే నిజమే చెబుతున్నారు. కాని వారు వెళ్ళిన తలుపు వేరు.

1976లో ఆ తలుపు సగం మూసుకుంది. డాక్టర్ల కొరత తీరిందని ఒక చట్టం చెప్పింది. మూడో ప్రాధాన్యంలో కూడా యజమాని కోరితేనే పిటిషన్ అని ఇంకో చట్టం చెప్పింది. తాళంచెవి ఉద్యోగి జేబులోంచి యజమాని జేబులోకి మారింది ఆ ఏడాదే. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు ఇది, ఎవరూ పెద్దగా చెప్పుకోరు గాని.

మరి అనలిస్టు ఉద్యోగం ఎప్పుడు పుట్టింది? ఆసుపత్రి ఎంత బిల్లు వేస్తే మెడికేర్ అంత ఇచ్చే పద్ధతి 1983లో మారింది. జబ్బులను వర్గాలుగా విభజించి, వర్గానికి ఇంత అని ముందే ధర కట్టారు. దాంతో ఏ రోగిని ఏ వర్గంలో రాయాలి, ఏ వర్గంలో నష్టపోతున్నాం అని లెక్క చూసేవారు ప్రతి ఆసుపత్రికీ కావలసివచ్చారు. 2009 చట్టం ప్రకారం రోగుల రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించే ఆసుపత్రులకు ప్రభుత్వం డబ్బిచ్చింది. 2015 అక్టోబరులో జబ్బుల కోడ్ల పద్ధతి పూర్తిగా మారింది. ఈ మూడు మెట్ల మీదనే ఆ ఉద్యోగం నిలబడింది.

అయితే గమనించండి. షెడ్యూల్ ఏ జాబితాలో ఈనాడు నర్సులున్నారు, ఫిజియోథెరపిస్టులున్నారు, అనలిస్టులు లేరు. ఆసుపత్రిలో పనిచేసినంత మాత్రాన నర్సుకున్న సౌకర్యం అనలిస్టుకు రాదు. ఇతనికి 1990 చట్టం వేసిన దారే గతి. ముందు హెచ్-1బి తాత్కాలిక వీసా, దానికి లాటరీ. తరువాత యజమాని కార్మిక శాఖ దగ్గర ఆ పనికి తగిన జీతమెంతో నిర్ణయింపజేసుకోవాలి. రెండు ఆదివారాలు పత్రికలో ప్రకటన వేయాలి, మరికొన్ని చోట్ల కూడా వేయాలి. అర్హుడైన స్థానికుడు ముందుకు వస్తే అక్కడితో ఆగినట్లే. 2005 నుంచి ఈ తతంగానికి పెర్మ్ అని పేరు. అది దాటితే పిటిషన్, ఆపైన వరుసలో నిలబడటం. ఉద్యోగాల పేరిట ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు దాదాపు 1,40,000. భార్యాబిడ్డలు కూడా ఆ లెక్కలోనే. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ మామూలుగా ఏడు శాతం మించకూడదు. భారతదేశంలో పుట్టినవారి వరుస పదేళ్ళకు పైగా సాగడానికి కారణం ఇదే. పౌరసత్వం కాదు, పుట్టిన దేశం చూస్తారు.

కాబట్టి వెతికేటప్పుడు ఏం చూడాలి? ఏ కంపెనీ ఏ ఉద్యోగానికి పెర్మ్ దరఖాస్తు పెట్టిందీ అమెరికా కార్మిక శాఖ ప్రకటిస్తుంది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. "మావాళ్ళు స్పాన్సర్ చేస్తారు" అన్న ఏజెంటు మాటకంటే ఆ జాబితా నయం. అనలిస్టు అన్న పేరుతోనే కాక, డేటా, ఇన్‌ఫర్మాటిక్స్, గణాంకాల పేర్లతో కూడా చూడాలి, ఒకే పనికి పది పేర్లున్నాయి. విశ్వవిద్యాలయాలకూ, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని ఆసుపత్రులకూ 2000 చట్టం ప్రకారం హెచ్-1బి లాటరీ లేదు. కాని లాటరీ తప్పినంత మాత్రాన గ్రీన్ కార్డు ఇప్పిస్తారని కాదు, అది వేరే నిర్ణయం. స్పాన్సర్ చేయమని ఏ చట్టమూ యజమానిని బలవంతపెట్టదు. అందుకే ఉద్యోగంలో చేరేముందే "పెర్మ్ ఎన్ని నెలలకు మొదలుపెడతారు?" అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. హెచ్-1బి గడువు ఆరేళ్ళు. పెర్మ్ దరఖాస్తు పడి ఏడాది గడిస్తేనే దాన్ని ఏడాదేడాదికి పొడిగించుకునే వీలుంటుంది. ఐదో ఏడు దాటాక యజమాని మేలుకుంటే చిక్కే.

2025 సెప్టెంబరు 21 నుంచి, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుని ప్రకటన వచ్చింది, మొదట ఏడాది కాలానికి. లాటరీ లేని ఆసుపత్రులను కూడా అది వదలలేదు. ఇలాంటివి మారుతుంటాయి. దరఖాస్తు వేళకు అమలులో ఉన్నదేదో అమెరికా ప్రభుత్వ కార్యాలయాల ప్రకటనల్లోనే చూసుకోవాలి.

డబ్బు సంగతి ఒకటుంది. 2007 జూలై నుంచి పెర్మ్ ఖర్చులు, యజమాని తరఫు వకీలు ఫీజుతో సహా, యజమానే భరించాలి. ఉద్యోగి దగ్గర వసూలు చేయడం నిషిద్ధం. మన పట్టణాల్లో "ఇన్ని లక్షలు కడితే గ్రీన్ కార్డు స్పాన్సర్ చేయిస్తాం" అని బోర్డులు పెట్టేవారున్నారు. పొలం తాకట్టు పెట్టి కట్టినవారూ ఉన్నారు. బర్మా మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసేవాడు. ఈ కొత్త మేస్త్రీ అడ్వాన్సు మననుంచే తీసుకుంటున్నాడు!

ఉపాధ్యాయుడిగా ఇంకొక్క మాట. సరిహద్దు పిల్లల పేర్లు మూడు రకాలుగా ఉంటాయి. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, తమిళనాట తండ్రి పేరు పొడి అక్షరంగా మిగులుతుంది, కన్నడనాట ఊరి పేరు చేరుతుంది. బడి రిజిస్టరులో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, పాస్‌పోర్టులో మరొకటి. గ్రీన్ కార్డు చివరి మెట్టులో పుట్టిన సర్టిఫికెట్ అడుగుతారు. అది లేకపోయినా, ఎన్నో ఏళ్ళ తరువాత నమోదైనా, బడి రికార్డులూ పెద్దల అఫిడవిట్లూ అడగవచ్చు. పదేళ్ళు వరుసలో నిలబడ్డ తరువాత పేరులో ఒక అక్షరం దగ్గర ఆగడం ఎవరికీ వద్దు. పిల్లవాడు పదో తరగతి పరీక్షకు దరఖాస్తు నింపేనాడే పుట్టిన సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని, తల్లిదండ్రుల పేర్లతో సహా అక్షరం అక్షరం సరిచూడండి. సర్టిఫికెట్ లేకపోతే మునిసిపాలిటీకో పంచాయతీకో వెళ్ళి ఇప్పుడే తీసుకోండి.

సెలవు.