కల్లుకుండలోని మత్తుమందు



మన పల్లెలనుండి వరంగల్లు దారిని పట్నము చేరిన అనేకులు ఉప్పల్, నాచారము పారిశ్రామికవాడలలో కూలిపని చేయుచున్నారు. పగలంతయు కష్టపడి, సాయంకాలము కల్లు దుకాణమునకు పోవువారు వారిలో కలరు. తాటికల్లు, ఈతకల్లు మన తెలంగాణమునకు క్రొత్తవి కావు. అయితే కొన్నిచోట్ల కల్లు పేరిట అమ్మబడునది చెట్టునుండి దిగినది కాదు; సాకరిన్ నీళ్లలో మత్తుమందు కలిపిన మోసము. దీని చరిత్రను మన సంఘములు ఎరుగవలెను. ఎరుగనియెడల మన మంచి ఉద్దేశమే ఒకని ప్రాణము తీయవచ్చును.

క్లోరల్ హైడ్రేటును 1832లో లీబిగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు తయారుచేసెను. 1869లో లీబ్రైక్ దానిని నిద్రమందుగా వాడుకలోనికి తెచ్చెను. అమెరికాలో డయాజిపామ్ 1963లోను, ఆల్ప్రజోలామ్ 1981లోను విక్రయమునకు వచ్చెను. రోగుల నెమ్మదికొరకు పుట్టిన ఈ మందులే లోభుల చేతబడి కల్లుకుండలో చేరినవి.

ఇవి పనిచేయు విధమేది? మన మెదడులో గాబా అను పదార్థము కలదు. అది గుఱ్ఱమునకు కళ్లెమువంటిది, ఉద్రేకమును అణచును. ఈ మందులు ఆ కళ్లెమును మరింత బిగించును. దినదినము ఇట్లు జరుగగా మెదడు తన సొంత పట్టును సడలించుకొనును. అప్పుడు మందు హఠాత్తుగా ఆగినయెడల గుఱ్ఱము కట్టు తప్పును. చేతులు వణకును, నిద్రపట్టదు, లేనివి కనబడును, మూర్ఛలు వచ్చును. కొందరు మరణింతురు.

హైదరాబాదు నగరములో 2004లో మూయబడిన కల్లు దుకాణములు 2014లో మరల తెరువబడెను. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీకల్లును గట్టిగా అరికట్టగా, నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందలమంది మతిచలించినవారై ఆస్పత్రులకు చేరిరి, కొందరు మృతినొందిరి. అరికట్టుట న్యాయమే. గాని కుండ పగిలినంతమాత్రమున శరీరము విడుదల పొందదని ఆ దినములు నేర్పినవి. త్రాగుచుండుటయు క్షేమము కాదు: 2025 జూలైలో కూకటపల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి అనేకులు జబ్బుపడిరి, కొందరు చనిపోయిరి.

కాబట్టి ప్రార్థనకూటములో ఒక సహోదరుడు లేచి "నేటినుండి ముట్టను" అని చెప్పినయెడల, దేవుని స్తుతించుడి. ఆ వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. అతనిని గదిలో పెట్టి తాళము వేయకుడి. మారుమనస్సు ఒక్క గడియలో కలుగవచ్చును. మెదడు కుదుటపడుటకు వారములు పట్టును. వైద్యులు అట్టి మందునే కొలతప్రకారము ఇచ్చి, క్రమక్రమముగా తగ్గించుదురు. ఇది విశ్వాసలోపము కాదు. మీరే మాత్రలు కొని ఇయ్యకుడి. త్రాగినది కల్లేయని సిగ్గుపడక చెప్పుడి. మూర్ఛ వచ్చినయెడల ఆలస్యము చేయకుడి. ఎఱ్ఱగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యాలయము కలదు. 14446 అను ఉచిత ఫోనులో సలహా దొరకును.

మంచి సమరయుని తలంచుకొనుడి. గాయపడినవానిని ఆ దారిని ఏల వచ్చితివని అతడు అడుగలేదు. గాయములు కట్టి, పూటకూళ్లయింటికి చేర్చి, మరునాటి ఖర్చు ఇచ్చి, మరల వచ్చెదనని చెప్పెను. కల్తీ దుకాణపు తలుపు మూయుట ప్రభుత్వపు పని. పూటకూళ్లయింటి తలుపు తెరచుట సంఘపు పని. మీ వీధిలో వణకుచున్న చేతిని ఈ వారమే పట్టుకొనుడి.