తెరమీది మనవారు



డెల్టా గ్రామములలో నలుగురు పెద్దలు చేరినచోట టెలివిజను తొలిదినముల ముచ్చట రాకమానదు. ఎవరి లోగిలిలో మొదట పెట్టె వెలసినదో, ఏ అరుగుమీద ఎందఱు కూర్చుండిరో, అందఱికిని జ్ఞాపకమే. ఆ ముచ్చట వెనుక నొక చరిత్ర కలదు. అది పెట్టె రాకకు చాల ముందే మన కాలువగట్లమీద ఆరంభమైనది.

తెలుగు చలనచిత్రములకు ఆద్యుడని పేరొందిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1869వ సంవత్సరమున మన బందరులోనే జన్మించిరి. అటుపిమ్మట అర్ధశతాబ్దికి గుడివాడ ప్రాంతమున మూడేండ్లలో ముగ్గురు పుట్టిరి. 1922లో చౌటపల్లియందు ఘంటసాల వెంకటేశ్వరరావుగారు, 1923లో నిమ్మకూరునందు నందమూరి తారక రామారావుగారు, 1924లో రామాపురమునందు అక్కినేని నాగేశ్వరరావుగారు. మొదటివారు విజయనగరమునకు పోయి సంగీతము నేర్చిరి. రెండవవారు సబ్ రిజిస్ట్రారు కొలువును విడిచి చిత్రములలో ప్రవేశించిరి. మూడవవారు చిన్నతనమున నాటకములలో స్త్రీవేషములు కట్టిరి. 1957లో వెలువడిన మాయాబజారు చిత్రమున శ్రీకృష్ణుడును, అభిమన్యుడును, సంగీతము నిర్వహించిన గాయకుడును గుడివాడ చుట్టుపట్ల వారే. ఘటోత్కచుడైన ఎస్.వి. రంగారావుగారు సయితము నాటి కృష్ణాజిల్లాలోని నూజివీట జన్మించినవారు.

ఇందుచేత నటులయెడ మనవారి యభిమానము బంధుప్రీతి వంటిదయ్యెను. వారి యూరి పేరు, వంశము పేరు చెప్పికొని మురియుట మనకు వాడుక. తిరుపతి కొండ నెక్కి స్వామిని సేవించినవారు అటునుండి చెన్నపట్టణమునకు పోయి, రామారావుగారి యింటిముందు నిలిచి, ఆయనను కన్నులార చూచి మరలుట యాత్రలో నొక భాగమైనది. నాగేశ్వరరావుగారి విరాళము నందుకొనిన గుడివాడ కళాశాల ఆయన పేరుతోనే నిలిచియున్నది.

ఈ యభిమానమునకు 1977లో గొప్ప పరీక్ష వచ్చెను. ఆ యేడు అక్టోబరు 23వ తేదీన హైదరాబాదు దూరదర్శన కేంద్రము ప్రారంభమయ్యెను. దాని ప్రసారము మన తీరమునకు అందునది కాదు. సరిగా ఇరువదియేడు దినములకు, నవంబరు 19వ తేదీన, దివిసీమను ఉప్పెన ముంచెను. సొర్లగొంది మొదలైన సముద్రతీర గ్రామములు తుడిచిపెట్టుకొనిపోయినవి. ప్రభుత్వపు లెక్కలను బట్టియే సుమారు 10,000 మంది మృతులైరి. అప్పుడు రామారావుగారును నాగేశ్వరరావుగారును తోడి నటీనటులను వెంటబెట్టుకొని పట్టణముల వీథులలో నడచి విరాళములు కూర్చిరి. తెరమీద వరములిచ్చిన దేవుడు వీథిలో జోలె పట్టినాడు. నటుని చూడవచ్చిన జనము తన రూపాయను దివిసీమకు పంపినది. చూచుటకు వచ్చినవాడు ఇచ్చి వెళ్లుట, అభిమానమున కింతకంటె సార్థకత లేదు.

పెట్టె మన యూళ్లకు వచ్చుట ఆ తరువాతి కథ. 1982 ఆగస్టు 15వ తేదీన దేశమంతటికిని ఉమ్మడి కార్యక్రమమును, రంగుల ప్రసారమును ఆరంభమైనవి. 1984 ప్రాంతమున పెక్కు పట్టణములలో చిన్న ప్రసారకేంద్రములు నెలకొనెను. ఇంటికప్పుమీద పొడవైన గొట్టము, దానికి యాంటెన్నా. సముద్రపుగాలికి అది తిరిగిపోవును, బొమ్మ చెదరును. కుఱ్ఱవాడు మీదికెక్కి త్రిప్పుచు "వచ్చిందా?" అని కేకవేయును. "ఇంకొంచెం త్రిప్పు" అని క్రిందనుండి పదిమంది బదులిత్తురు. కరెంటు పోయిన నాడు అరుగుమీద మిగిలినది కబుర్లే. 1983 నవంబరు 14 నుండి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు మనకు ఇంటిమనిషివలె తోచిరి. శుక్రవారము చిత్రలహరి పాటలకు పనులు త్వరపెట్టుకొనుట ఆడువారికేగాక మగవారికిని అలవాటే.

1987 జనవరి 25వ తేదీన హిందీ రామాయణము మొదలయ్యెను. ఆదివారము ఉదయమున స్నానములు చేసి, పెట్టెముందు దీపము వెలిగించి కూర్చుండినవారు కలరు. భాష రాదు, కథ తెలియును. పెద్దలు మాటమాటకు వివరించిరి, పిల్లలు వినిరి. 1963లో లవకుశ చూచిన కన్నులకు మాత్రము రాముడన్నచో రామారావుగారే. ఆ విషయమై అరుగులమీద జరిగిన వాదములు ఇంకను కొందఱికి జ్ఞప్తియం దుండవచ్చును.

1990 మే 9వ తేదీన మఱియొక పెనుతుఫాను మన తీరమును తాకెను. ఈసారి హెచ్చరిక ముందుగా అందెను. లక్షన్నరకు పైగా జనమును సురక్షిత స్థలములకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపల నిలిచెను. పదుమూడేండ్లలో ఇంతటి భేదము వచ్చుటకు వాతావరణశాఖ సామర్థ్యముతోబాటు, ఆ మాటను ఊరూరికి చేర్చిన ప్రసారములును, విని కదలిన జనమును కారణము.

1995లో ఈటీవీ, జెమిని మొదలైన తెలుగు చానళ్లు వచ్చెను. ఇంటింటికి పెట్టె, పిదప గదిగదికి పెట్టె, నేడు అరచేతిలోనే తెర. బొమ్మ చెదరుట లేదు. గాలికి భయము లేదు. కాని అరుగు బోసిపోయినది. పొరుగువాని పిల్లవాడు మన గడప త్రొక్కి చూడవలసిన యవసరము తీరిపోయినది. ఉప్పెన వచ్చిన రాత్రి పొరుగువాని తలుపు తట్టవలసినది మాత్రము నేటికిని మనమే.

కావున పెద్దలారా, మనుమలకు పాత చిత్రముల కథలు చెప్పునప్పుడు జోలె పట్టిన యా నటుల కథను గూడ చెప్పుడు. మీ అరుగుమీద ఎవరెవరు కూర్చుండిరో పేరుపేరున చెప్పుడు. వారిలో ఇప్పుడు ఒంటరిగా నున్నవారి యింటికి ఒక సాయంకాలము ఆ పిల్లలను వెంటబెట్టుకొని పోవుడు.