హోటల్ ఫ్రాంచైజీల్లో ఏరియా హక్కులు: నల్లగొండ, మహబూబ్‌నగర్

పేరున్న హోటల్ బ్రాండును డబ్బు కట్టి నడుపుకునే అనుమతి ఫ్రాంచైజీ. గీసిచ్చిన హద్దులో అదే పేరుతో మరొకరికి దుకాణం ఇవ్వబోమని కంపెనీ రాసిచ్చే మాట ఏరియా హక్కు. రాసివ్వకపోతే ఆ హక్కు లేనట్టే. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ వేరే చట్టం లేదు; ఒప్పంద కాగితం, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ప్రధానమైన ఆధారం. డామినోస్ హక్కు దేశమంతటికీ జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్‌ది. చిన్న బ్రాండ్లయితే జిల్లా, ఊరు, లేదా ఇన్ని కిలోమీటర్లు అని రాస్తాయి.

దక్షిణ తెలంగాణలో అసలు చిక్కు ఊరి పేరులోనే ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ పెద్ద హైవేలకు పక్కకున్నాయి. విజయవాడ వెళ్లే 65వ జాతీయ రహదారి నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట వైపు సాగిపోతుంది. నల్లగొండకు నార్కట్‌పల్లిలో మళ్లి అద్దంకి రోడ్డు పట్టాలి. బెంగళూరు వెళ్లే 44వ రహదారి జడ్చర్ల మీదుగా పోతుంది; మహబూబ్‌నగర్‌కు అక్కడ పడమటికి తిరగాలి. సంక్రాంతికి ఊరెళ్లే కుటుంబం చిట్యాల దగ్గర కారు ఆపి, పిల్లలకు ఇడ్లీ తినిపించి, టీ తాగి, నల్లగొండ ముఖం చూడకుండానే వెళ్లిపోతుంది. ‘నల్లగొండ పట్టణం’ అని రాయించుకున్నవారికి ఆ గిరాకీ మీద ఏ హక్కూ లేదు. పైగా హైవేలు, రైల్వే స్టేషన్లు, మాల్స్ తమకే అట్టిపెట్టుకునే కంపెనీలున్నాయి. సంతకానికి ముందు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన షరతు ఇదే.

అమెరికాలోనూ ఇలాంటి తగాదానే నడిచింది. మసాచుసెట్స్ టర్న్‌పైక్ మీద కొత్త బర్గర్ కింగ్ రావడంతో దగ్గర్లోని ఫ్రాంచైజీదారు షెక్ కోర్టుకెక్కాడు. ప్రత్యేక ఏరియా లేనంత మాత్రాన కంపెనీ అతని వ్యాపారాన్ని దెబ్బతీయవచ్చని కాదని 1991లో ఫ్లోరిడా ఫెడరల్ కోర్టు అంది. 1999లో మరో బర్గర్ కింగ్ కేసులో అప్పీలు కోర్టు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు.

‘జిల్లా’ అని రాయించుకున్నా నిశ్చింత లేదు. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, పాత మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు విడిపోయాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలో కలిసింది. 2019లో నారాయణపేట వేరైంది. అంతకుముందు రాసుకున్న కాగితంలోని ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అంటే పాతదా, కొత్తదా? మండలాల పేర్లు, రహదారి ముక్కలతో సహా రాసుకుంటే ఈ పేచీ ఉండదు.

హక్కుకు చట్టమూ హద్దులు పెడుతుంది. ఒప్పందం నడిచినన్నాళ్లు పోటీ సరుకు ముట్టవద్దనే షరతు చెల్లుతుందని గుజరాత్ బాట్లింగ్–కోకా కోలా కేసులో సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. గడువు తీరాక కూడా ఆ ఏరియాలో హోటలే పెట్టవద్దంటే మాత్రం కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అడ్డొస్తుంది. బ్రాండు పేరు, బోర్డు మాత్రం వాడకూడదు. ఏరియాలు పంచుకోవడం మార్కెట్లో పోటీని గట్టిగా దెబ్బతీస్తే 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ వర్తిస్తుంది.

డెలివరీ యాప్ ఈ గీతలేవీ చూడదు. సాధారణంగా ఏ దుకాణం దగ్గరైతే ఆర్డరు దానికే పోతుంది. ఆ డబ్బు ఎవరి లెక్కలో పడాలో ఒప్పందంలోనే రాసుకోవాలి.