రొయ్యల అలర్జీ, అయోడిన్ అపోహ
రొయ్యలు పడనివారికి అయోడిన్ కూడా పడదన్నది కంటి వైద్యంలో పాతుకుపోయిన అపోహ. శుక్లం ఆపరేషన్‌కు ముందు కంట్లో వేసే పోవిడోన్ అయోడిన్ (జనం నోట బీటాడిన్) వాడకంలో ఇది అడ్డొస్తుంది. రొయ్యలు పట్టడం, ఒలవడం, అమ్మడమే బతుకుతెరువైన విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ లాంటి చోట దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

రొయ్యల అలర్జీకి ప్రధాన కారణం అయోడిన్ కాదు, ట్రోపోమయోసిన్ అనే కండరాల ప్రోటీన్. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు 1989లో మన తీరంలోనూ దొరికే తెల్ల రొయ్య నుంచి వేడికి చెడని అలర్జీ కారకాలను వేరుచేశారు. అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 1993లో ఆ కారకం ట్రోపోమయోసినేనని తేల్చారు. ఉడికించినా అది పోదు. రొయ్యలు ఉడికే ఆవిరి తగిలినా కొందరికి కళ్లు దురద పెట్టి ఎర్రబడతాయి. చేపల అలర్జీకి మూలం వేరే ప్రోటీన్, పార్వాల్బుమిన్. అందుకే రొయ్యలు పడనివారిలో చాలామంది వంజరం తినగలరు.

1970లలో ఎక్స్‌రే పరీక్షల్లో రక్తనాళాల్లోకి ఎక్కించే అయోడిన్ మందుల మీద జరిగిన సర్వేల నుంచి ఈ అపోహ పుట్టింది. రొయ్యలు, పీతలు పడనివారిలో రియాక్షన్లు కాస్త ఎక్కువ కనిపించాయి. గుడ్లు, పాలు పడనివారిలోనూ అలాగే కనిపించాయి గానీ ఆ సంగతి మరుగున పడింది. నిజానికి అయోడిన్ థైరాయిడ్ హార్మోన్లో భాగం. అయోడైజ్డ్ ఉప్పుతో రోజూ ఒంట్లోకి చేరుతూనే ఉంటుంది.

ఈ అపోహ వల్ల నష్టం మాత్రం రోగిదే. 5 శాతం పోవిడోన్ అయోడిన్ చుక్కలు ఆపరేషన్ తర్వాత కంటి లోపలి ఇన్‌ఫెక్షన్‌ను బాగా తగ్గిస్తాయని 1991 నాటి అధ్యయనం చూపింది. ఆ ఇన్‌ఫెక్షన్ వస్తే చూపే పోవచ్చు. కేస్ షీటులో తప్పుగా రాసిన ‘అయోడిన్ అలర్జీ’ ఈ రక్షణను దూరం చేస్తుంది. మందు వేశాక కలిగే మంట, ఎరుపు సాధారణంగా రసాయనపు ఇరిటేషన్ వల్ల వచ్చేవే. కంటిని బాగా కడిగితే తగ్గుతాయి. బీటాడిన్ తగిలినప్పుడే దద్దుర్లు, వాపు వచ్చినవారి సంగతి వేరు. అది అరుదు, వారికి నీటిలో కలిపిన పలుచని క్లోర్‌హెక్సిడిన్ వాడతారు.

రెటీనా యాంజియోగ్రామ్‌లో ఎక్కించే పసుపు రంగు ఫ్లోరెసిన్‌లో అసలు అయోడినే లేదు. దానితో వికారం మామూలే, తీవ్రమైన రియాక్షన్ అరుదు. ఇలాంటి పరీక్షల్లో వాడే మరో రంగు ఇండోసయనిన్ గ్రీన్‌లో మాత్రం కొద్దిగా సోడియం అయోడైడ్ ఉంటుంది. అయోడిన్ మందులతో గతంలో రియాక్షన్ వచ్చిందా అని అది వాడేముందు అడుగుతారు.