వేల్పూర్ వాన, సెల్లార్ మోటారు

2023 జులై 24, 25 తేదీల మధ్య నిజామాబాద్ జిల్లా వేల్పూర్‌లో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. చదరపు మీటరుకు 400 లీటర్లు. 200 గజాల ఇంటి జాగా మీద పడ్డదే దాదాపు 67 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 13. అంత నీరు సెల్లార్‌లోకి దిగితే?

మన పెద్దలు వరద నీటిని మోటారు లేకుండానే సాగనంపారు. చెరువు నిండితే మత్తడి దూకుతుంది, ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. గొలుసుకట్టు చెరువుల సూత్రమిదే. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కు రక్షణ పథకం రూపొందించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య అంతకు ముందే, 1903లో, పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో నీటిమట్టం పెరగగానే వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టించారు.

సెల్లార్‌కు మత్తడి ఉండదు. అది వీధి కాలువ కన్నా కింద ఉంటుంది కాబట్టి నీటిని ఎత్తిపోయాల్సిందే. అందుకే పల్లపు మూలన గుంత తవ్వి మోటారు దించుతారు. నీరు పెరిగితే ఫ్లోట్ పైకి తేలి స్విచ్ వేస్తుంది. ఇంపెల్లర్ గిర్రున తిరిగి నీటిని పైపులోకి తోస్తుంది. 1851 లండన్ ప్రదర్శనలో జాన్ అపోల్డ్ వంపు రెక్కల పంపును చూపాక ఈ రకం యంత్రాల సత్తా లోకానికి తెలిసింది. గుంత ఖాళీ కాగానే ఫ్లోట్ దిగి మోటారు ఆగుతుంది. పైపులో మిగిలిన నీరు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్ ఆపుతుంది.

ఆ 67 వేల లీటర్లను నాలుగు మీటర్ల ఎత్తుకు తోడడానికి సుమారు రెండు యూనిట్ల కరెంటు చాలు. చిక్కంతా అది కావలసిన వేళలోనే ఉంది. జడివానలోనే మోటారు ఆడాలి, కరెంటు పోయేదీ అప్పుడే. వరద ముంచుకొస్తే పెద్ద యంత్రాలకూ మినహాయింపు లేదు. 2022 జులైలో గోదావరి ఉప్పొంగి కన్నెపల్లి పంపుహౌస్‌ను ముంచితే 40 మెగావాట్ల మోటార్లే నీట మునిగాయి.

సెల్లార్ ఉన్నవాళ్లు మృగశిర కార్తెకు ముందే గుంతలో పూడిక తీయించండి. బకెట్‌తో నీళ్లు పోసి ఫ్లోట్ లేస్తుందో లేదో చూడండి. మోటారుకు జనరేటరో ఇన్వర్టరో ఏర్పాటు చేసుకోండి, స్విచ్ బోర్డును ఎత్తులో బిగించండి. మెయిన్ ఆపకుండా సెల్లార్ నీళ్లలో కాలు పెట్టకండి. అన్నిటికన్నా ముందు, ఊరి మత్తడి కాలువల మీద ఇళ్లు లేవనివ్వకండి. నీటి దారి మూసేశాక ఏ మోటారూ ఊరిని కాపాడలేదు.