గదుల లెక్కలో వరండా

పెద్దతిప్పసముద్రం, ములకలచెరువు, తంబళ్లపల్లె వైపు పల్లెలు దూరదూరంగా విసిరేసినట్టుంటాయి. ఒకరిద్దరు టీచర్లే అయిదు తరగతులూ నెట్టుకొచ్చే చిన్న బడులు అక్కడ మామూలు. అలాంటి చోట కొత్త బడి అనగానే ఎన్ని గదులన్న ప్రశ్నే ముందొస్తుంది. ఈ ప్రశ్నకు వయసు తక్కువ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె ప్రాంతం దత్తమండలాల్లోని కడప జిల్లాలో ఉండేది. 1822లో మద్రాసు గవర్నరు మన్రో బడుల లెక్క అడిగాడు. పొరుగున ఉన్న బళ్లారి కలెక్టరు క్యాంబెల్ మరుసటి ఏడు పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు తేలారు. అంటే బడికి సగటున పన్నెండు మంది. అంతమందికి అయ్యవారి ఇంటి అరుగో, గుడి మండపమో, ఊరి సావిడో సరిపోయేది. ఇసుకలో అక్షరాలు దిద్దేవారు, ముందు నేర్చినవాడు వెనకవాడికి చెప్పేవాడు. నేర్చినదాన్ని బట్టి గుంపులుగా కూర్చున్నా అందరూ ఒకే చోట ఉండేవారు కాబట్టి విడి తరగతి గది అవసరమూ పడలేదు.

అరుగును మెచ్చుకుంటే గట్టి ఆక్షేపణే ఎదురవుతుంది. అరుగు ఎవరిదైతే బడీ వాళ్లదే. క్యాంబెల్ లెక్కలో ఆడపిల్లలు 60 మందే. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన పిల్లలకు చాలాచోట్ల ఆ అరుగు ఎక్కే వీలు లేదు. 1920 మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం, జిల్లా బోర్డుల బడులు, ఆ తర్వాతి పంచాయతీ బడులు తెచ్చిన అసలు మార్పు ఇక్కడుంది: ఎవరి ఇల్లూ కాని చోటు బడికి దొరికింది. ఆ మేలును కాదనడం అన్యాయం. అయితే మేలు చేసింది ఊరుమ్మడి స్థలం. ఆ స్థలంలో తరగతికీ తరగతికీ మధ్య లేచిన గోడకు ఆ ఘనత కట్టబెట్టనక్కర్లేదు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే తర్వాతి ప్లాన్లన్నీ గదుల లెక్కగా మారాయని నా అభిప్రాయం.

ఈ మార్పు ప్రభుత్వ జాబితాల్లోనే కనిపిస్తుంది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ఏ కాలంలోనైనా పనికొచ్చే రెండు పెద్ద గదులతో పాటు లోతైన వరండా ఉండాలంది. ఆ కొలమానం రాసినవాళ్లకు పల్లెబడి తెలుసు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం టీచరుకో గది, మరుగుదొడ్లు, మంచినీళ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ అడిగింది. అన్నీ అవసరమే, వరండా ఊసు మాత్రం లేదు. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన మనబడి నాడు-నేడు తొలి విడతలో పదిహేను వేలకు పైగా బడులకు నీళ్లు, ఫ్యాన్లు, బెంచీలు, రంగులు, ప్రహరీలు అందించింది. పాడుబడ్డ బడులకు అదెంత ఊరటో చెప్పనక్కర్లేదు, కానీ బడి లోపలి అమరికను అది ప్రశ్నించలేదు. 2022లో చాలాచోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గరి హైస్కూళ్లకు తరలించడంతో గదుల అంచనాలే తారుమారయ్యాయి. గది ఒక తరగతికి కట్టుబడితే, ఆ తరగతి కదిలిన రోజున దానికి పనుండదు.

వేరే దారి మదనపల్లె పక్కనే పుట్టింది. రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం తన చిన్న బడుల్లో పిల్లల్ని తరగతివారీగా కాక, చేస్తున్న పనిని బట్టి గుంపులుగా కూర్చోబెట్టింది. పాఠం కార్డులుగా మారింది, పిల్లవాడు తన మెట్టు తానే ఎక్కుతాడు. 2003 తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్న కార్యాచరణ పద్ధతికి మూలం ఇదే. ఈ పద్ధతికి గోడలు అడ్డం. నేలమీద గుంపులు పరుచుకునే పెద్ద హాలు, దాన్ని అంటి నీడపట్టు కావాలి. గోడల్లేకపోతే గోల, వానజల్లు, దొంగతనం అంటారు. సామాను భద్రానికి తాళం వేసే గది ఒకటి చాలు. జల్లును లోతైన చూరు ఆపుతుంది. గోల మాటకొస్తే, ఒకే టీచరు రెండు గదుల మధ్య తిరుగుతుంటే ఆయన లేని గదిలో పుట్టేది ఇంకా ఎక్కువ. భద్రత సంగతి మాత్రం తేలిగ్గా తీసేయకూడదు. 2004లో కుంభకోణంలో 94 మంది పిల్లల్ని బలిగొన్న మంట పూరికప్పుకు అంటుకుంది. కాబట్టి బోదకొట్టాలకు తిరిగి వెళ్లమని ఎవరూ అనరు. కాలని కప్పు, నాలుగు వైపులా బయటికి దారి ఉన్న వరండా ఆ భయానికీ జవాబే.

ఇక ఖర్చు. తుపాను తీరానికి గీసిన నమూనానే ఈ మెట్టసీమకూ వాడితే వరండా అదనపు భారంగానే కనిపిస్తుంది. ఇక్కడ రాతి కూసాలు, బండలు చేతికందేంత దగ్గరలో ఉన్నాయి. గది వైశాల్యంతో పాటు వరండా వైశాల్యాన్నీ బోధన స్థలంగా అంచనాలో చూపిస్తే, ఇద్దరు టీచర్ల బడికి మూడో గది బదులు పన్నెండడుగుల వరండా అడిగే హక్కు ఊరి తల్లిదండ్రుల కమిటీకి వస్తుంది.