శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. బోధన, పరిశోధన సాగిస్తున్న శాఖ. గాజుల వర్ణపటాలు, ఉష్ణమండల వాతావరణం అనే రెండు రంగాల్లో దీనికి మంచి పేరుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి ఊళ్లయిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టభద్రులకు పైచదువును సొంత జిల్లాలోనే అందుబాటులోకి తెచ్చింది.

నేపథ్యం: మదనపల్లెలో అనీబిసెంట్ 1915లో దివ్యజ్ఞాన కళాశాల నెలకొల్పారు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినా, కొద్ది కాలానికే చిత్తూరు, దత్త మండలాలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి వెళ్లాయి. రాయలసీమలో విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని కోస్తా, సీమ నేతల మధ్య కుదిరిన 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక కోరింది. 1954లో తిరుపతిలో విశ్వవిద్యాలయం వెలిసింది.

వర్ణపట పరిశోధన: ఎస్.వి.జె. లక్ష్మణ్, ఆ తరువాత సి.కె. జయశంకర్ వంటి ఆచార్యులు నియోడిమియం తదితర విరళ మృత్తిక అయాన్లు కలిపిన గాజులపై విశేష కృషి చేశారు. రసాయనాలను తూచి, కల్వంలో మెత్తగా నూరి, మూసలో పోసి కొలిమిలో కరిగిస్తారు. ద్రవాన్ని లోహపు పలకపై ఒంపి, పగుళ్లివ్వకుండా మెల్లగా చల్లారుస్తారు. ఈ అయాన్లలో 4ఎఫ్ ఎలక్ట్రాన్లకు బయటి కక్ష్యలు కవచంలా ఉంటాయి కనుక గాజులో సైతం వర్ణరేఖలు సన్నగానే కనిపిస్తాయి. 1962లో జడ్, ఓఫెల్ట్ వేర్వేరుగా ప్రతిపాదించిన సిద్ధాంతంతో ఆ రేఖల తీవ్రతలను విశ్లేషించి, లేసర్‌కు ఏ గాజు అనువైనదో అంచనా వేస్తారు.

రాడార్ యుగం: తిరుపతికి చేరువలోని గాదంకిలో 1990ల తొలినాళ్లలో పని మొదలుపెట్టిన, వాతావరణ పొరలను పరిశీలించే ఎం.ఎస్.టి. రాడార్ శాఖకు కొత్త దారి చూపింది. 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం, 1024 యాగి యాంటెన్నాలు, 2.5 మెగావాట్ల గరిష్ఠ శక్తి దీని సొత్తు. గాలి సుడుల నుంచి వెనుదిరిగిన తరంగాల పౌనఃపున్యంలో వచ్చే మార్పును బట్టి గాలి వేగం తెలుస్తుంది. రుతుపవన కాలంలో సుమారు 16 కిలోమీటర్ల ఎత్తున వీచే తూర్పు జెట్ ప్రవాహాన్ని ఇలాగే కొలిచారు. విశ్వవిద్యాలయంలో ఈ రాడార్ వినియోగానికి యూజీసీ తోడ్పాటుతో ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. ఇక్కడి ఆచార్యుడు డి. నారాయణరావు తరువాత గాదంకి ప్రయోగశాలకు సంచాలకులయ్యారు. 2005లో ఆ సంస్థ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా పేరు మార్చుకుంది.

విస్తరణ: 1968లో ఈ విశ్వవిద్యాలయం అనంతపురంలో తెరిచిన పీజీ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. 1997లో కుప్పంలో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం దక్షిణాది భాషా సంస్కృతులకు పెద్దపీట వేసింది. రాయలసీమలో భౌతికశాస్త్ర పరిశోధనకు గట్టి పునాది వేసిన ఘనత మాత్రం తిరుపతి శాఖదే.